పొయ్యికి బదులా, ఎండకు బదులా?

గుంటూరు మిర్చి యార్డులో సరుకును ఏసీ కాయ, నాన్ ఏసీ కాయ అని రెండుగా చూస్తారు. కల్లం నుంచి నేరుగా యార్డుకొచ్చి అమ్ముడుపోయేది నాన్ ఏసీ. ధర నచ్చకో, రేపు పెరుగుతుందన్న ఆశతోనో శీతల గిడ్డంగిలో నెలల తరబడి దాచి, ఆ తర్వాత బయటికి తీసేది ఏసీ కాయ. ఇలాంటి గిడ్డంగులు గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా ఉన్నాయి. ఏ ఒక్కదాని వెనక్కి వెళ్లి మెషిన్ రూము దగ్గర నిలబడినా కంప్రెసర్ల రొద, అమ్మోనియా ఘాటు, గొట్టాల మీద తెల్లగా పేరుకున్న మంచు ఎదురవుతాయి. బయట కండెన్సర్ మీద నీళ్లు జల్లుగా పడుతుంటాయి. దాని పక్కన గాలి మాత్రం వేడిగా, ఉక్కగా ఉంటుంది. లోపలున్న మిర్చి బస్తాల (టిక్కీల) నుంచి లాగేసిన వేడి అదే. నడివేసవిలో గుంటూరు గాలికి ఇంకాస్త వేడి కలిపినందుకు ఎవరూ దాన్ని పట్టించుకోరు.

అదే యంత్రాన్ని చల్లదనం కోసం కాకుండా, అది బయటికి నెట్టే వేడి కోసం నడిపితే హీట్ పంపు అంటారు. లోపలి సరంజామా అంతా ఒకటే. కంప్రెసర్, వేడి వదిలే చుట్ట, వేడి పీల్చే చుట్ట, మధ్యలో తిరిగే వాయువు. అంటే మిర్చి వ్యాపారం దశాబ్దాలుగా నమ్ముకున్న యంత్రం ఇప్పుడు గిడ్డంగి నుంచి కల్లం వైపు అడుగు వేస్తోంది. పండు మిరపను ఆరబెట్టడానికీ, ప్రకాశం పొగాకు బ్యారన్లలో కట్టెల పొయ్యి తీసేసి ఆ చోట పెట్టడానికీ హీట్ పంపు డ్రయ్యర్లు అమ్మకానికి వస్తున్నాయి. కొనాలా వద్దా అన్నది తేల్చాలంటే ముందు ఒక సంగతి చూసుకోవాలి. ఆ యంత్రం మన దగ్గర దేన్ని తప్పించి ఆ చోటులోకి వస్తోంది? డీజిలునా, కట్టెలనా, ఎండనా? మూడింటికీ జవాబు ఒకటి కాదు.

హీట్ పంపు వేడిని తయారు చెయ్యదు. బోరు మోటారు నీళ్లను పుట్టించదు కదా, ఉన్న నీళ్లను కింది నుంచి పైకి తెస్తుంది, అంతే. కరెంటు ఖర్చయ్యేది ఆ ఎత్తుకే. నీరు ఇరవై అడుగుల్లో ఉంటే బిల్లు ఒకలా, మూడు వందల అడుగుల్లో ఉంటే మరోలా వస్తుంది. హీట్ పంపుకు ఆ లోతు ఉష్ణోగ్రతల మధ్య తేడా. 30 డిగ్రీల గాలిలోని వేడిని 60 డిగ్రీల గదిలోకి ఎక్కించడం తేలిక. సున్నా డిగ్రీల గాలి నుంచి అదే గదిలోకి ఎక్కించడం కష్టం. 30 నుంచి 60కి ఎక్కించడానికి సిద్ధాంతం ప్రకారం ఒక యూనిట్ కరెంటుకు పదకొండు యూనిట్ల వేడి రావాలి. అసలు యంత్రాల్లో మూడూ నాలుగూ దొరుకుతాయి. అదీ తక్కువేం కాదు. కాయిల్ హీటరు పెడితే యూనిట్‌కు యూనిటే వస్తుంది, నయాపైసా ఎక్కువ రాదు.

యూరప్‌లో ఈ యంత్రం మీద జరిగే వాదనంతా చలి చుట్టూ తిరుగుతుంది. అక్కడ చాలా ఇళ్లలో నేలమాళిగలో నూనె పొయ్యి ఉంటుంది, శీతాకాలమంతా అది మండుతూ ఇంటిని వెచ్చగా ఉంచుతుంది. 2020 నుంచి నార్వే ఇళ్లలో నూనె పొయ్యిలను నిషేధించింది. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మన పిల్లల్లో కొందరికి ఆయిల్ ట్యాంకు ఎప్పుడు నింపించాలన్నది ఇప్పటికీ తెగని పని. బయట గడ్డకట్టే చలిలో హీట్ పంపు బలం తగ్గుతుందా అన్నది వాళ్ల భయం. నరసరావుపేటలోనో పొదిలిలోనో ఆ భయానికి చోటే లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పగలు బయటి గాలే 30 డిగ్రీలు దాటి ఉంటుంది. నీళ్లు పైపైనే ఉన్న బావి మనది.

ఈ యంత్రం పుట్టింది ఇళ్లు వెచ్చబెట్టడానికేనని చాలామంది అనుకుంటారు. వేడిని తోడే యంత్రం సాధ్యమేనని లార్డ్ కెల్విన్ 1852లో లెక్క వేసి చూపిన మాట నిజం. అయితే 1850ల్లోనే ఆస్ట్రియాలోని ఎబెన్‌జే ఉప్పు కర్మాగారంలో పీటర్ ఫాన్ రిట్టింగర్ అనే ఇంజినీరు దాన్ని కట్టి చూపించింది ఉప్పు నీటిని ఇగిర్చడానికి. నీళ్లు ఆవిరై పోతున్నప్పుడు దాంతోపాటే పోయే వేడిని మళ్లీ పట్టుకుని వాడుకోవచ్చన్నది ఆయన ఆలోచన. మనకు చినగంజాంలో, కనుపర్తిలో ఉప్పు కొటార్లున్నాయి. అక్కడ ఆ పని ఎండా, సముద్రపు గాలీ చేసిపెడతాయి. ఎబెన్‌జే కొండల నడుమ అంత ఎండ లేదు కాబట్టి ఆయనకు యంత్రం కట్టాల్సిన అవసరం పడింది. నూట డెబ్భై ఏళ్ల తర్వాత కూడా ఈ యంత్రం గురించిన వాదనలో సగం ఇందులోనే ఉంది.

ముందు పొగాకు సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ నేలలో నిజంగా మంట మండేది అక్కడే. 1920ల్లో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు మొదలైంది. చీరాలలో ఐఎల్‌టీడీ కంపెనీ ఫ్యాక్టరీ, గుంటూరులో 1976లో ఏర్పడ్డ పొగాకు బోర్డు, ఒంగోలు, కొండపి, టంగుటూరు, కందుకూరు, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలు అన్నీ ఆ ఆకు వెంట వచ్చినవే. సిగరెట్టు చేసే చెరుపు సంగతి వేరే వ్యాసం. ఆకు పండుతున్నంత కాలం బ్యారన్లు మండుతూనే ఉంటాయి కాబట్టి ఆ పొయ్యి సంగతి ఇక్కడ మాట్లాడుకోక తప్పదు.

బ్యారన్ అంటే కిటికీల్లేని ఎత్తైన గది. పచ్చాకును కర్రలకు కట్టి లోపల అంతస్తులుగా వేలాడదీస్తారు. బయట గోడకు పొయ్యి ఉంటుంది. పొగ లోపలికి రాకుండా నేల మీదుగా పరిచిన ఇనుప గొట్టాల గుండా వెళ్లి చిమ్నీలోంచి పోతుంది. ఆకుకు తగిలేది గొట్టాల వేడి మాత్రమే. మొదట 90 నుంచి 105 ఫారన్‌హీట్ డిగ్రీల దగ్గర ఆకును పండనివ్వాలి. పచ్చదనం పోయి పసుపు తిరిగాక ఆ రంగును నిలబెట్టాలి, తర్వాత ఆకు రెక్కను ఎండబెట్టాలి, చివరికి 160 డిగ్రీల దాకా తీసుకెళ్లి మధ్య ఈనెను ఎండగొట్టాలి. అయిదారు రోజులు, రాత్రింబవళ్లు. అర్ధరాత్రి టార్చిలైటు వేసి అద్దం వెనకున్న థర్మామీటరు చూడటం, మోపులోంచి రెండు కట్టెలు పొయ్యిలోకి తొయ్యడం, పైనా కిందా ఉన్న కిటికీ పలకల్ని ఓ జానెడు తెరవడం, మళ్లీ వచ్చి నులకమంచం మీద ఒరగడం. రంగు నిలబడే దశలో తేమ సరిగ్గా బయటికి పోకపోతే ఆకు గోధుమ రంగుకు తిరుగుతుంది, గ్రేడు పడిపోతుంది. తేమ ఉండగానే వేడి పెంచేసినా అంతే, ఆకు ఉడికిపోతుంది.

ఇప్పుడు లెక్క. ఒక కిలో క్యూరింగ్ అయిన ఆకు రావాలంటే అయిదు కిలోలకు పైగా నీరు ఆవిరవ్వాలి. ఒక లీటరు నీటిని ఆవిరి చెయ్యడానికి సుమారు మూడింట రెండు వంతుల యూనిట్ వేడి కావాలి. ఇది ప్రకృతి పెట్టిన ధర, దీనికి బేరం లేదు. అంటే కిలో ఆకుకు మూడున్నర యూనిట్ల వేడి చాలు. బ్యారన్లో కాలేది నాలుగైదు కిలోల కట్టె. కిలో కట్టెలో నాలుగు యూనిట్ల వేడి ఉంటుంది. పదహారు నుంచి ఇరవై యూనిట్లు పొయ్యిలో పెడితే అందులో ఐదో వంతు మాత్రమే అసలు పనికి వస్తోందన్నమాట. మిగతాది చిమ్నీలోంచి, గోడల్లోంచి, పైకప్పు రేకుల్లోంచి పోతుంది. నీటిని ఆవిరి చేసిన ఆ ఐదో వంతు కూడా పై కిటికీలోంచి ఆవిరితోపాటే ఆకాశంలో కలుస్తుంది.

హీట్ పంపు డ్రయ్యరు పట్టుకునేది సరిగ్గా ఆ ఆవిరినే. గదిలోంచి వచ్చిన తడి గాలిని ముందు చల్లటి చుట్ట మీదుగా పంపుతారు. గాలి చల్లబడి తేమంతా నీటి చుక్కలై కిందికి కారుతుంది. ఆవిరిలో దాగున్న వేడిని ఆ చుట్ట పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ వేడిని పైకి ఎక్కించి వేడి చుట్టకు అందిస్తుంది. పొడిబారిన గాలి దాని మీదుగా వెళ్లి వేడెక్కి మళ్లీ ఆకుల మధ్యకు పోతుంది. ఒకే గాలి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, బయటికి పోయేది గొట్టంలోంచి నీళ్లే. అందుకే ఈ డ్రయ్యర్ల సత్తాను ఒక యూనిట్‌కు ఎన్ని లీటర్ల నీరు తీసింది అనే లెక్కలో చెబుతారు. మామూలు వేడిగాలి డ్రయ్యరు యూనిట్ వేడికి ఒక లీటరు తీస్తే మెచ్చుకోవాలి. హీట్ పంపు యూనిట్ కరెంటుకు ఒకటి నుంచి నాలుగు దాకా తీస్తుందని ప్రయోగశాలల మాట. పొలం దగ్గర ఒకటిన్నర, రెండు అనుకోవడం క్షేమం.

ఆ లెక్కన కిలో పొగాకుకు మూడు యూనిట్లు, అటూ ఇటూగా. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే పాతిక రూపాయలు. కట్టె కిలో నాలుగు రూపాయలనుకుంటే పొయ్యి ఖర్చు పదహారు నుంచి ఇరవై. కట్టె ఇంకా చవకే. ఆరు రూపాయలకు పోతే తక్కెడ మధ్యలో నిలబడుతుంది, ఆపైన హీట్ పంపు వైపు మొగ్గుతుంది. రాత్రి కాపలా కూలీ కలిపితే ఇంకాస్త ముందే మొగ్గవచ్చు. చైనాలో పొగాకు పండే రాష్ట్రాల్లో బొగ్గు పొయ్యిలు తీసేసి హీట్ పంపులు పెద్ద ఎత్తున పెట్టారు. అక్కడ తప్పించింది బొగ్గును, దాని వెనక పొగను అరికట్టాలన్న ప్రభుత్వ పట్టుదల ఉంది. మన ప్రకాశంలో సుబాబుల్, జామాయిల్ రైతుల చేలల్లోనే పెరుగుతాయి. ఆ తేడాను మరిచి చైనా వాళ్లు పెట్టారు కాబట్టి మనమూ పెట్టాలనడం తొందరపాటు.

పైగా బ్యారన్‌కు ఒక గండముంది. కట్టెల పొయ్యికి కరెంటుతో పని లేదు. హీట్ పంపు పెట్టాక రంగు నిలబడే దశలో నాలుగు గంటలు కరెంటు పోతే బ్యారన్‌లో ఉన్న ఆకంతా గోధుమ రంగుకు తిరగొచ్చు. అంటే జనరేటరు తప్పదు, అంటే మళ్లీ డీజిలు. నా మట్టుకు నేను బ్యారన్ రైతుకు మొదట చెప్పేది యంత్రం మాట కాదు. పైకప్పు రేకుల కింద వేడి పోకుండా మందంగా పొర వేయించుకో, పొయ్యికి గాలి సరిగ్గా అందేలా బాగు చేయించుకో, పగిలిన గొట్టాలు మార్చు. ఐదింట నాలుగు వంతులు వృథా అవుతున్న చోట ముందు చిల్లులు పూడ్చడమే చవక. యూరప్‌లోనూ నూనె పొయ్యి మార్చేవాళ్లకు జాగ్రత్తపరులు చెప్పేది ఇదే, ముందు ఇంటి గోడలు చూసుకోమని.

మిర్చి దగ్గరికొస్తే కథ పూర్తిగా వేరు. ఇక్కడ ఆర్పడానికి పొయ్యే లేదు.

కోసిన పండు కాయలో నూటికి డెబ్భై అయిదు పాళ్ల దాకా నీరే. కొందరు రెండు మూడు రోజులు కుప్ప పోసి అరపండు కాయలు కూడా ఎర్రబడనిస్తారు. తర్వాత పట్టాల మీద పలచగా పరిచి, రోజూ తిరగేస్తూ, సాయంత్రం మంచు పడకముందే పోగు చేసి కప్పుతూ పది పదిహేను రోజులు ఎండబెడతారు. చేతిలోకి తీసుకుని ఊపితే గింజలు గలగలమనాలి, తొడిమ దగ్గర నొక్కితే మెత్తగా ఉండకూడదు. తేమ పది పదకొండు శాతానికి దిగితే కాయ నిలవకు పనికొస్తుంది. మరీ ఎండిపోతే టిక్కీలో తొక్కేటప్పుడు కాయ పొడిపొడి అవుతుంది, అదీ నష్టమే.

ఒక క్వింటా ఎండు మిర్చి కావాలంటే 360 కిలోల పండు కాయ కావాలి. 260 లీటర్ల నీరు గాల్లో కలవాలి. దానికి కనీసం 170 యూనిట్ల వేడి. సీజను ముమ్మరంగా ఉన్న రోజుల్లో గుంటూరు యార్డుకు రోజుకు లక్ష టిక్కీల పైనే వస్తాయి. టిక్కీ నలభై కిలోలనుకున్నా నలభై వేల క్వింటాళ్లు. ఆ ఒక్క రోజు సరుకులోంచి కోటి లీటర్లకు పైగా నీటిని, 68 లక్షల యూనిట్ల వేడి పెట్టి, ఎండ తీసేసింది. బిల్లు పంపలేదు. అదే పనికి రోజుకో టన్ను పండు కాయ ఆరబెట్టే హీట్ పంపులు పెడితే పద్నాలుగు వేల యంత్రాలు కావాలి. పల్నాడు, ప్రకాశం కల్లాల మీద పడే ఎండను పూర్తిగా తప్పించే యంత్రం ఈ లెక్కలు చూశాక ఎవరి ఊహలోకీ రాకూడదు.

అయితే ఎండ తీసుకునే వడ్డీ కూడా ఉంది. పది పదిహేను రోజుల్లో మొదటి మూడు నాలుగు రోజులు కాయ తడిగానే ఉంటుంది. కాయ తొక్క మీద సన్నని మైనపు పొర ఉంటుంది, నీరు తేలిగ్గా బయటికి రాదు. ఆ తడిలో, ఆ వెచ్చదనంలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజుకు మంచి అదను దొరుకుతుంది. అది వదిలే అఫ్లటాక్సిన్ కంటికి కనబడదు, వాసన రాదు, కాలేయానికి విషం. యూరప్ దేశాలు మిరపలో మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకు 10 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 5 మైక్రోగ్రాములు దాటితే సరుకును రానివ్వవు. రెండోది రంగు. కాయ ఎరుపు కాప్శాంథిన్ లాంటి కెరటినాయిడ్లది. రోజుల తరబడి ఎర్రటి ఎండలో అవి విరిగిపోతాయి. కారం మాత్రం అంత తేలిగ్గా పోదు. మూడోది వాన. 2023 మార్చి నెల మధ్యలో అకాల వర్షాలు పడ్డప్పుడు కల్లాల్లో పరిచిన కాయ తడిసింది. తడిసిన కాయ తెల్లబడి తాలు అవుతుంది. తాలు కాయకు వచ్చేది మంచి కాయ ధరలో సగం, అటూ ఇటూగా.

ఈ ముప్పులకు హీట్ పంపు సరైన మందే. 50, 55 డిగ్రీల గాలి, చీకటి గది, తేమ అదుపు. ఒకటి రెండు రోజుల్లో కాయ ఆరుతుంది, ఎరుపు నిలుస్తుంది, బూజుకు సమయమే చిక్కదు. బయట ముసురు పట్టినా లోపలి గాలి తన లెక్క తనదిగా తిరుగుతుంది. టన్ను కాయ వేసిన యంత్రం దగ్గర నిలబడితే గొట్టంలోంచి రెండు నిమిషాలకో లీటరు చొప్పున నీళ్లు బకెట్టులోకి పడుతుంటాయి. చూడముచ్చటగానే ఉంటుంది.

ఖర్చు చూద్దాం. క్వింటా ఎండు కాయకు 130 నుంచి 175 యూనిట్లు. ఎనిమిది రూపాయల చొప్పున 1,040 నుంచి 1,400 రూపాయలు. ఇదే పనిని డీజిలు బర్నరు పెట్టి వేడిగాలితో చేస్తే గదిలోంచి పోయే వేడి, బర్నరులో పోయే వేడి కలుపుకుని నలభై లీటర్ల పైచిలుకు డీజిలు తాగుతుంది. నాలుగు వేలు దాటింది. కరెంటు కాయిల్ హీటరు పెడితే 350 యూనిట్లు, 2,800. కట్టెల పొయ్యికి వేడిని మార్పిడి చేసే గొట్టాలు పెట్టి పొగ తగలకుండా ఆరబెడితే 170 కిలోల కట్టె, ఏడు వందల లోపు.

ఈ నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే తీర్పు ఇంచుమించు వచ్చేసినట్టే. ఎవరి దగ్గరైనా డీజిలు డ్రయ్యరు ఉంటే దాన్ని తీసేసి హీట్ పంపు పెట్టడంలో రెండో ఆలోచన అక్కర్లేదు. కాయిల్ హీటరుకూ అదే మాట. కట్టెల పొయ్యిని మాత్రం అది డబ్బు లెక్కలో ఓడించలేదు. ఎండతో పోటీకి దిగితే మామూలు ఏడాదిలో ఓడిపోతుంది.

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర నిర్ణయించింది. ఆ ధర మీద చూస్తే ఆరబెట్టే కరెంటు ఖర్చే పదో వంతు అవుతుంది, యంత్రం వాయిదా ఇంకా కలపలేదు. పది క్వింటాళ్లు యంత్రంలో ఆరబెడితే పన్నెండు వేలు. పది క్వింటాళ్లలో రెండు క్వింటాళ్లు తాలుగా మారితే పోయేదీ దాదాపు అంతే. అంటే ఎండలో పెడితే ఐదో వంతుకు మించి చెడిపోతుందని తెలిసిన రోజున మాత్రమే యంత్రం స్విచ్చి వెయ్యడం లాభం. అలాంటి రోజులు ప్రతి ఏడాదీ కొన్ని వస్తాయి, ఏ రోజన్నది ముందు తెలియదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చాలా చేలల్లో కాయ ఇంకా చెట్టు మీదే ఉంది. ఏ డ్రయ్యరూ దాన్ని కాపాడేది కాదు. యంత్రం అక్కరకొచ్చేది కోత మొదలైన తర్వాతి వానలకే.

ఒకరే కొనుక్కుంటే ఇది గిట్టుబాటు కావడం కష్టం. ఎకరానికి ఒక కోతలో అయిదారు క్వింటాళ్ల ఎండు కాయ వస్తుందనుకుందాం, అంటే రెండు టన్నుల పండు కాయ. రోజుకో టన్ను యంత్రం ఒక ఎకరం కోతకు రెండు రోజులు తిరగాలి. అయిదెకరాల రైతుకు పది రోజులు. వాన కురుస్తున్నప్పుడు పది రోజుల వరస ఎవరు ఆగుతారు? ఇక్కడే చిన్న ఉపాయం పనికొస్తుంది. తడి ఎక్కువగా ఉన్నప్పుడే హీట్ పంపు సత్తా అంతా బయటపడుతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటుంది, యూనిట్‌కు ఎక్కువ నీరు తీస్తుంది. కాయ ముప్పావు ఎండాక లోపలి నీరు తొక్క దాకా రావడానికే గంటలు పడుతుంది, యంత్రం ఊరికే తిరుగుతుంటుంది. బూజు భయం కూడా మొదట్లోనే ఎక్కువ. కాబట్టి మొదటి ఎనిమిది పది గంటలు యంత్రంలో పెట్టి, సగానికి సగం నీరు పోయాక కల్లం మీదికి తెచ్చి మిగతాది ఎండకు వదిలెయ్యడం తెలివైన పద్ధతి. అదే యంత్రం రెండింతల కాయకు సరిపోతుంది. మొత్తం పనీ యంత్రంలోనే ముగించాలన్న పట్టుదల అఫ్లటాక్సిన్ పరీక్ష దాటి ఎగుమతికి వెళ్లాల్సిన సరుకుకు ఉంటే చాలు.

చిన్న రైతుకు అంతకంటే ముందున్న మెట్టు పాలీహౌస్ సోలార్ డ్రయ్యరు. పైన ప్లాస్టిక్ కప్పు, లోపల ట్రేలు, తేమ బయటికి పంపే ఫ్యాను. ఎండ అదే ఎండ, వానా మంచూ తగలవు, కుక్కలూ కోళ్లూ తొక్కవు. దీనికి అమ్మకందార్ల హడావిడి తక్కువ. అందుకే కాబోలు రావాల్సినంత పేరు దీనికి రాలేదు.

పర్యావరణం పేరు చెప్పి అమ్మేవాళ్లు కొందరుంటారు, వాళ్ల మాట కూడా తూచాలి. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనక సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు ఉంది. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం మండేది బొగ్గుతోనే. క్వింటా మిర్చికి హీట్ పంపు వాటా 90 నుంచి 120 కిలోలు. డీజిలు డ్రయ్యరుది 115. అంటే ఈరోజు కరెంటుతో చూస్తే గాలికి చేసే మేలు నామమాత్రమే, లాభమంతా జేబుకే. పగటి సోలారు కరెంటు పెరిగేకొద్దీ ఈ అంకె దిగుతుంది. డీజిలు అంకె ఎప్పటికీ దిగదు. అది హీట్ పంపు పక్షాన చెప్పగలిగిన బలమైన మాటే.

ఇంతలో మన చేలల్లో పడి ఉన్న ఇంధనాన్ని ఎవరూ చూడటం లేదు. పత్తి తీత అయ్యాక కట్టె వేసవి దాకా చేలోనే నిలబడి ఉంటే గులాబీ రంగు పురుగు అందులో తలదాచుకుని వచ్చే పంట మీదికి వస్తుంది. త్వరగా పీకెయ్యమని వ్యవసాయాధికారులు మొత్తుకుంటూనే ఉంటారు. కిలో పత్తి కట్టెలో కిలో సరుగుడుకు దగ్గరగా వేడి ఉంటుంది. చేలోనే తగలబెట్టేదాన్ని ముక్కలు చేసి, ఇటుకలుగా నొక్కి, పొగ కాయకు తగలని పొయ్యిలో వాడితే వాన రోజుల్లో మిర్చి ఆరుతుంది, పురుగూ తగ్గుతుంది. ప్రకాశంలో మిర్చి చేను పక్కనే పత్తి చేను. హీట్ పంపు కొనబోయే రైతు సంఘం ఒకసారి ఈ పక్క కూడా లెక్క వేసుకోవాలి.

ఇవన్నీ చూశాక కూడా కొనాలనే నిర్ణయం అయితే, ముందుగా కరెంటు తీగ సంగతి తేల్చుకోవాలి. టన్ను యంత్రం నడవాలంటే పదిహేడు కిలోవాట్లు ఆగకుండా కావాలి, మూడు ఫేజులు, ఇరవై నాలుగు గంటలు. పొలం మోటార్లకు పగటి పూట తొమ్మిది గంటలు వచ్చే ఉచిత కరెంటు నీళ్లు తోడుకోవడానికి ఇచ్చింది. దాని మీద ఆధారపడి డ్రయ్యరు కొంటే రాత్రి కాయ గదిలోనే మగ్గుతుంది. పరిశ్రమ కనెక్షను కావాలి, దాని నెలవారీ స్థిర చార్జీ యంత్రం ఆగి ఉన్న ఎనిమిది నెలలూ కట్టాలి. ఆ ఎనిమిది నెలల్లో పసుపో, మొక్కజొన్నో, మునగాకో, మామిడి తాండ్రో ఏదో ఒకటి ఆరబెట్టే పని కుదిరితే తప్ప యంత్రం వాయిదా మిర్చి ఒక్కదాని మీద తీరదు.

అమ్మకందారు ట్రేలో పరిచిన మెరిసే కాయ ఫొటోలు చూపిస్తాడు. యూనిట్‌కు ఎన్ని లీటర్లు తీస్తుందని అడగండి. కాయిదం మీద రాసి ఇచ్చే అంకె చాలదు. మీ కాయ రెండు క్వింటాళ్లు తూకం వేసి లోపల పెట్టించి, మీటరు రీడింగు రాసుకుని, తేమ పది శాతానికి వచ్చాక మళ్లీ తూచి, గొట్టం కింద బకెట్టులో పడ్డ నీళ్లు కొలవండి. యూనిట్‌కు ఒకటిన్నర లీటరు కంటే తక్కువ వస్తే బేరం అక్కడితో ఆపెయ్యవచ్చు. రెండు దాటితే వాయిదాల మాట మొదలుపెట్టవచ్చు. కంప్రెసర్ చెడిపోతే గుంటూరులోనో ఒంగోలులోనో బాగుచేసే మనిషి ఎంతసేపట్లో వస్తాడన్నది కూడా అప్పుడే కాయిదం మీద రాయించుకోవాలి. ఏసీ గిడ్డంగుల పుణ్యమా అని ఆ పని తెలిసిన మెకానిక్కులకు గుంటూరులో కొదవ లేదు.